ఫ్రీజ్ డ్రయింగ్: మంచును కరగనివ్వకుండా ఆవిరి చేసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఫ్రీజ్ డ్రయర్‌ను కొత్తగా చూసేవాళ్లు దాన్ని చలి యంత్రం అనుకుంటారు. నిజానికి గడ్డకట్టించే పని మొదటి కొన్ని గంటల్లోనే అయిపోతుంది. ఆ తర్వాత ఒక రోజంతా, ఒక్కోసారి రెండు మూడు రోజుల పాటు యంత్రం ట్రేలకు వేడి ఇస్తూనే ఉంటుంది. ఆ వేడి తక్కువైతే పని ఎప్పటికీ తెమలదు, ఎక్కువైతే మంచు కరిగి సరుకు ముద్దయిపోతుంది. ఈ రెండింటి మధ్య దారి ఎలా పట్టుకోవాలన్నదే ఫ్రీజ్ డ్రయింగ్‌లో అసలు విద్య. సెట్టింగులు బట్టీ పట్టి నేర్చుకున్నవాళ్లు సరుకు మారగానే తికమకపడతారు. కాబట్టి ముందు మంచు ఎలా ఆవిరవుతుందో చూసి, తర్వాత యంత్రం దగ్గరికి వెళ్దాం.

మంచు నేరుగా ఆవిరి ఎలా అవుతుంది

మంచు స్ఫటికం లోపల ప్రతి నీటి అణువూ చుట్టూ ఉన్న నాలుగు అణువులతో హైడ్రోజన్ బంధాలతో ముడిపడి ఉంటుంది. ఉపరితలం మీది అణువులకు ఆ పట్టు తక్కువ. అన్ని అణువులకూ ఒకే శక్తి ఉండదు కాబట్టి, ఎంత చలిలోనైనా కొన్ని ఆ బంధాలు తెంచుకుని బయటకు ఎగిరిపోతుంటాయి. బయట తిరుగుతున్న ఆవిరి అణువుల్లో కొన్ని తిరిగొచ్చి అతుక్కుంటాయి. వెళ్లేవీ వచ్చేవీ సమానమైనప్పుడు ఉండే ఆవిరి పీడనమే ఆ ఉష్ణోగ్రత దగ్గర మంచు బాష్ప పీడనం. వెళ్లేవి ఎక్కువైతే మంచు ద్రవంగా మారకుండానే తరిగిపోతుంది. దీన్నే ఉత్పతనం అంటారు. కర్పూరం, నాఫ్తలీన్ గుళికలు విప్పి ఉంచితే చిన్నవైపోయేది కూడా ఇలాగే.

ఈ పనిలో అన్నిటికన్నా అక్కరకొచ్చే అంకెలు ఇవి (ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో, మంచు బాష్ప పీడనం పాస్కల్‌లలో):

0 డిగ్రీలు: 611
మైనస్ 10: 260
మైనస్ 20: 103
మైనస్ 30: 38
మైనస్ 40: 13
మైనస్ 50: 4

ప్రతి 10 డిగ్రీలకూ పీడనం రెండు నుంచి మూడు రెట్లకు పైగా పడిపోతోంది. అంటే మంచును 10 డిగ్రీలు ఎక్కువ చల్లగా ఉంచితే, ఒక రోజులో ఆరే సరుకు రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే సరుకును వీలైనంత వెచ్చగా, అయితే కరగనంత చల్లగా ఉంచాలి.

611 పాస్కల్ దగ్గర ఒక విశేషం ఉంది. 0.01 డిగ్రీ, 611.657 పాస్కల్ అన్నది నీటి త్రిక బిందువు. మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి ఉండగలిగేది అక్కడే. ఆ పీడనం కింద స్వచ్ఛమైన నీరు ద్రవంగా నిలవలేదు. వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్, అంటే త్రిక బిందువు పీడనానికి దాదాపు 165 రెట్లు.

ఇక్కడ రెండు అపోహలు తొలగించుకోవాలి. ఉత్పతనం జరగాలంటే వాక్యూమ్ తప్పనిసరి అన్నది మొదటిది. లెక్కలోకి వచ్చేది మంచు చుట్టూ ఉన్న నీటి ఆవిరి పీడనం మాత్రమే, మొత్తం గాలి పీడనం కాదు. చల్లని పొడిగాలిలో మామూలు పీడనం దగ్గర కూడా మంచు ఆవిరవుతుంది. కావాలంటే మంచు పేరుకోని రకం ఫ్రిజ్‌లో, ఫ్రీజర్ అరలో కొన్ని ఐస్ ముక్కలు మూత లేని గిన్నెలో పెట్టి తూకం రాసుకోండి. కొన్ని వారాల తర్వాత మళ్లీ తూచండి, బరువు స్పష్టంగా తగ్గి ఉంటుంది. కప్పకుండా పెట్టిన ఆహారం ఫ్రీజర్‌లో అంచుల దగ్గర తెల్లబారి ఎండిపోవడమూ ఉత్పతనమే. మరి వాక్యూమ్ ఎందుకు? మామూలు గాలిలో బయటికొచ్చిన నీటి అణువు మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా కదలకముందే మరో అణువును ఢీకొంటుంది. చాలాసార్లు వెనక్కే వచ్చిపడుతుంది. పీడనం 10 పాస్కల్‌కు దించితే ఆ దూరం దాదాపు ముప్పావు మిల్లీమీటరు అవుతుంది, ఆవిరి ప్రవాహంలా కదలగలుగుతుంది. వాక్యూమ్ చేసే మేలు దారి ఖాళీ చేయడమే.

రెండో అపోహ: 611 పాస్కల్ కిందకు దించితే ఇక ఏదీ కరగదని. అది స్వచ్ఛమైన మంచుకు మాత్రమే వర్తిస్తుంది. మనం ఆరబెట్టే వాటిలో చక్కెరలు, లవణాలు, ప్రొటీన్లు ఉంటాయి. వాటి సంగతి కాసేపట్లో చూద్దాం.

వేడి లెక్క: మంచు కరగడానికి కిలోకు 334 కిలోజౌళ్లు, 0 డిగ్రీల దగ్గర నీరు ఆవిరవడానికి సుమారు 2,500 కావాలి. ఉత్పతనానికి రెండూ కలిపి దాదాపు 2,840 కిలోజౌళ్లు ఒకేసారి చెల్లించాలి. 20 గంటల్లో ఒక కిలో నీరు తీయాలంటే సగటున 40 వాట్లు మంచు దాకా చేరాలి. వినడానికి చిన్న అంకె. యంత్రం లోపలి గాలి లేని గదిలో, ఆరిపోయిన గుల్ల పొరల గుండా ఆ 40 వాట్లు చేర్చడమే కష్టం.

మొదటి అడుగు: సరుకు ఏ ఉష్ణోగ్రత దగ్గర కూలుతుందో తెలుసుకోవడం

ద్రావణం గడ్డకట్టేటప్పుడు నీరు స్వచ్ఛమైన స్ఫటికాలుగా విడిపోతుంది. కరిగి ఉన్న పదార్థాలు స్ఫటికాల మధ్య సందుల్లోకి నెట్టబడి చిక్కబడతాయి. ఆ చిక్కటి భాగం రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

కొన్ని పదార్థాలు తామూ స్ఫటికంగా మారతాయి. ఉప్పు నీరు మైనస్ 21 డిగ్రీల దగ్గర పూర్తిగా ఘనమవుతుంది. మందుల తయారీలో వాడే మానిటాల్ అనే తియ్యటి పొడికి ఆ హద్దు మైనస్ 1.5 దగ్గరే, అందుకే దాన్ని ఆరబెట్టడం సులువు. చక్కెరలు మాత్రం స్ఫటికం కాకుండా గాజులా బిగుసుకుంటాయి. సుక్రోజ్ మైనస్ 32 డిగ్రీల ప్రాంతంలో బిగుస్తుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అయితే మైనస్ 40 కన్నా ఇంకా కిందికి వెళ్తే గానీ బిగుసుకోవు. ఈ హద్దు దాటి వేడెక్కితే ఆ గాజు పాకంలా కదలడం మొదలవుతుంది. పక్కనున్న మంచు వెళ్లిపోయి రంధ్రం మిగలగానే గోడలు అందులోకి ఒరిగిపోతాయి. దీన్ని కూలడం అంటాం. కూలిన సరుకు కుదించుకుపోయి, జిగటగా, ఎంతకీ ఆరకుండా ఉంటుంది.

కాబట్టి తేనె, చక్కెర పాకం, జామ్ లాంటివి పెట్టొద్దు. నూనె, వెన్న, చాక్లెట్ కూడా అంతే, కొవ్వు ఉత్పతనం చెందదు. ఆల్కహాల్ ఉన్నవి అసలే వద్దు. ఇథనాల్ గడ్డకట్టేది మైనస్ 114 దగ్గర కాబట్టి అది ట్రేలోనూ గడ్డకట్టదు, ఆవిరిని మంచుగా పట్టే చల్లటి లోహభాగమైన కండెన్సర్ మీదా ఆగదు, నేరుగా పంపులోకి పోతుంది. పండ్ల ముక్కల్లో చక్కెర ఎక్కువే అయినా కణాల గోడలు ఆకారాన్ని మోస్తాయి, అందుకే స్ట్రాబెర్రీ చక్కగా ఆరుతుంది. అదే పండు రసం తీసి పెడితే నురగెత్తి ముద్దవుతుంది. ల్యాబుల్లో ఈ హద్దును ఫ్రీజ్ డ్రయింగ్ మైక్రోస్కోపు కింద కళ్లారా చూసి నిర్ణయిస్తారు. ఆ సదుపాయం లేనివాళ్లు చిన్న మోతాదు తక్కువ వేడితో ఆరబెట్టి చూడటం మంచిది.

రెండో అడుగు: ట్రే నింపడం

మందం విషయంలో ఆశపడొద్దు. ఆరిన పొర పెరిగేకొద్దీ ఆవిరి బయటికి రావడానికి అడ్డు పెరుగుతుంది, కాబట్టి మందం రెండింతలైతే సమయం రెండింతలకు మించుతుంది, నాలుగింతల దాకా పోవచ్చు. ఒక సెంటీమీటరు లోపు ఉంచితే నిశ్చింత. ముక్కలన్నీ ఒకే మందంలో కోయండి, ఎందుకంటే బ్యాచ్ సమయాన్ని అన్నిటికన్నా లావు ముక్కే నిర్ణయిస్తుంది. తొక్క ఆవిరిని ఆపుతుంది. బెర్రీల లాంటి గుండ్రటి పండ్లను సగానికి కోసి, కోసిన వైపు పైకి పెట్టండి.

ఖాళీ ట్రేను, నింపిన ట్రేను తూచి రాసుకోండి. చాలా పండ్లలో 80 నుంచి 90 శాతం నీరే. మొత్తం నీరు మీ కండెన్సర్ పట్టగలిగే మంచు బరువుకు లోబడి ఉండాలి. ఈ తూకం చివర్లో మళ్లీ పనికొస్తుంది.

మూడో అడుగు: గడ్డకట్టించడం

తర్వాత వచ్చే ఆరబెట్టే దశ ఎంత వేగంగా సాగుతుందో ఇక్కడే తేలిపోతుంది. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద స్ఫటికాలు వస్తాయి. అవి వెళ్లిపోయాక పెద్ద రంధ్రాలు మిగులుతాయి, ఆవిరి తేలిగ్గా బయటపడుతుంది. వేగంగా గడ్డకడితే సన్నటి స్ఫటికాలు, సన్నటి దారులు, నెమ్మదైన ఆరడం. అయితే పండు, మాంసం లాంటి కణజాలంలో పెద్ద స్ఫటికాలు కణాల గోడలను చీల్చేస్తాయి, నీళ్లలో వేసినప్పుడు ముక్క మెత్తబడిపోతుంది. ద్రావణాలకు నెమ్మది, కణజాలానికి వేగం అన్నది నా ఎంపిక.

ద్రావణాలతో ఇంకో చిక్కుంది. శుభ్రమైన ద్రావణం 0 దగ్గర గడ్డకట్టకుండా మైనస్ 10, మైనస్ 15 దాకా ద్రవంగానే జారిపోయి, అప్పుడు ఒక్కసారిగా గడ్డకడుతుంది. ఏ సీసా ఎప్పుడు గడ్డకడుతుందో చెప్పలేం, కాబట్టి పక్కపక్క సీసాల్లోనే స్ఫటికాల పరిమాణం తేడాగా ఉంటుంది. దీనికి మందు ఎనీలింగ్: పూర్తిగా గడ్డకట్టాక మైనస్ 15 లేదా మైనస్ 20కి తెచ్చి కొన్ని గంటలు ఉంచి, మళ్లీ దించడం. చిన్న స్ఫటికాలు తరిగిపోయి పెద్దవి పెరుగుతాయి, తేడాలు తగ్గుతాయి. ఓపిక ఉన్నవాళ్లకు ఇది ఇచ్చినంత లాభం మరే సెట్టింగూ ఇవ్వదు.

చివరికి సరుకు మధ్యభాగం కూడా కూలే హద్దు కన్నా కొన్ని డిగ్రీలు కిందికి వెళ్లాలి. మైనస్ 40 దగ్గర రెండు మూడు గంటలు ఉంచడం సాధారణ పద్ధతి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 వరకే వెళ్తుంది. అందులో గట్టిగా కనిపించే తియ్యటి పదార్థం లోపల ఇంకా గడ్డకట్టని పాకం దాక్కుని ఉంటుంది. వాక్యూమ్ పెట్టగానే అది బుడగలు కక్కి ట్రే అంతా చిందుతుంది. ముందు ఫ్రీజర్‌లో పెట్టుకున్నా ఫర్వాలేదు కానీ, యంత్రంలో మళ్లీ దించనిదే పంపు ఆన్ చేయొద్దు.

నాలుగో అడుగు: ముందు కండెన్సర్, తర్వాత పంపు, ఆఖరున వేడి

ఈ వరుస మార్చకూడదు. కారణం ఒక చిన్న లెక్కలో ఉంది. ఒక గ్రాము మంచు 10 పాస్కల్ దగ్గర ఆవిరైతే 11 క్యూబిక్ మీటర్లకు పైగా చోటు తీసుకుంటుంది. కిలో నీటిని 20 గంటల్లో తీయాలంటే గంటకు 500 క్యూబిక్ మీటర్లకు మించి తోడాలి. చిన్న పంపులు తోడగలిగేది అందులో పిసరంత. కాబట్టి ఆవిరిని తీసే పని పంపుది కానే కాదు. మైనస్ 50 దగ్గరున్న కండెన్సర్ లోహం మీద ఆవిరి తిరిగి మంచుగా పేరుకుంటుంది, పంపు కేవలం గాలిని తీసేసి ఆ స్థితిని నిలబెడుతుంది. కండెన్సర్ చల్లబడక ముందే పంపు వేస్తే తేమంతా పంపు నూనెలోకి పోతుంది. నూనె పాలలా తెల్లబడితే అందులో నీరు చేరినట్టే, మార్చేయండి.

కండెన్సర్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదన్న ప్రచారం కూడా ఉంది. పైన రాసిన అంకెలు చూడండి. సరుకు మైనస్ 20 దగ్గర 103 పాస్కల్‌తో ఆవిరిని నెడుతుంటే, మైనస్ 50 కండెన్సర్ ఎదురిచ్చేది 4 పాస్కల్ మాత్రమే. దాన్ని మైనస్ 80కి దించితే ఆ 4 దాదాపు సున్నా అవుతుంది, లాభం అంతే. నీటితో చేసే మామూలు పనికి ఆ అదనపు చలి కోసం తాపత్రయం అక్కర్లేదు.

భద్రత గురించి ఒక మాట. లోపల వాక్యూమ్ ఉన్నప్పుడు 30 సెంటీమీటర్ల చదరపు తలుపు మీద బయటి గాలి 900 కిలోలకు పైగా బరువుతో నొక్కుతుంది. వాక్యూమ్ కోసం తయారుచేయని గాజు జాడీలను, డబ్బాలను పంపుకు తగిలించొద్దు, అవి లోపలికి పేలతాయి. గీత పడిన అక్రిలిక్ తలుపునూ వాడొద్దు.

ఐదో అడుగు: ప్రాథమిక ఆరబెట్టడం

ఇక్కడే ఎక్కువ సమయం పడుతుంది. ట్రే కింద ఉండి వేడినిచ్చే షెల్ఫ్ ఉష్ణోగ్రత వేరు, సరుకు ఉష్ణోగ్రత వేరు. షెల్ఫ్ 10 డిగ్రీల దగ్గర ఉన్నా సరుకులోని మంచు మైనస్ 25 దగ్గర ఉండొచ్చు. ఆవిరై వెళ్లే ప్రతి అణువూ వేడిని తీసుకుపోతుంది కాబట్టి మంచు తనను తానే చల్లబరుచుకుంటుంది. వచ్చే వేడీ పోయే వేడీ ఎక్కడ సమానమవుతాయో సరుకు ఆ ఉష్ణోగ్రత దగ్గర నిలుస్తుంది. ఆ నిలిచే చోటు కూలే హద్దుకు రెండు మూడు డిగ్రీలు కింద ఉండేలా చూడటమే ఈ దశలో మీ పని.

దానికి మీ చేతిలో ఉన్నవి రెండే: షెల్ఫ్ వేడి, యంత్రం లోపలి గది పీడనం. షెల్ఫ్ సంగతి సులువుగానే అర్థమవుతుంది. పీడనమే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. వాక్యూమ్ ఎంత లోతుగా ఉంటే అంత వేగంగా ఆరుతుందని అనుకుంటారు. కానీ ట్రే అడుగుకీ షెల్ఫ్‌కీ మధ్య ఎప్పుడూ సన్నటి ఖాళీ ఉంటుంది. అక్కడ వేడిని మోసేది మిగిలి ఉన్న కాస్త వాయువే. పీడనం మరీ దించితే ఆ మోత ఆగిపోయి, సరుకు ఇంకా చల్లబడి, ఆరడం నెమ్మదిస్తుంది. సరుకు ఉండాల్సిన ఉష్ణోగ్రత దగ్గర మంచు బాష్ప పీడనంలో 10 నుంచి 30 శాతం మధ్య గది పీడనం పెట్టడం మంచి ఆనవాయితీ. సరుకును మైనస్ 25 దగ్గర ఉంచాలనుకుంటే, అక్కడి బాష్ప పీడనం 63 పాస్కల్ కాబట్టి, 6 నుంచి 19 పాస్కల్.

సరుకు మధ్యలో సన్నటి ఉష్ణోగ్రత సెన్సర్ గుచ్చగలిగితే తప్పక గుచ్చండి. షెల్ఫ్‌ను ఒకేసారి పెంచకుండా 5 డిగ్రీల చొప్పున పెంచుతూ, ప్రతిసారీ సరుకు ఎక్కడ నిలిచిందో చూడండి. అంచుల్లోని ముక్కలకు తలుపు, గోడల నుంచి అదనపు వేడి తగులుతుంది, అవి ముందే ఆరతాయి. కాబట్టి సెన్సర్ పెట్టాల్సింది ట్రే నడుమ. అంచుల్లో ఆరిందని చూసి తలుపు తీసేయకండి.

మంచు అయిపోయిందని ఎలా తెలుస్తుంది

దీన్ని తప్పుగా అంచనా వేస్తే అంతదాకా చేసిన పని వృథా. లోపల మంచు మిగిలి ఉండగా తర్వాతి దశ వేడి పెడితే అది కరిగి, ఆరిన భాగాన్నీ తడిపేస్తుంది.

మంచు ఉన్నంతసేపూ సరుకు ఉష్ణోగ్రత షెల్ఫ్ కన్నా బాగా తక్కువగా ఉంటుంది. అయిపోగానే పైకెగసి షెల్ఫ్‌ను అందుకుంటుంది. ఇది మొదటి గుర్తు. రెండు రకాల పీడన మీటర్లు ఉన్న యంత్రాల్లో ఇంకా నమ్మకమైన గుర్తు ఉంది. పిరానీ గేజ్ తీగ ఎంత వేడి కోల్పోతోందో చూసి పీడనం చెబుతుంది. నీటి ఆవిరి నైట్రోజన్ కన్నా ఎక్కువ వేడిని లాగేస్తుంది కాబట్టి, గదిలో ఆవిరే నిండి ఉన్నప్పుడు అది అసలు పీడనం కన్నా దాదాపు 1.6 రెట్లు ఎక్కువ చూపిస్తుంది. కెపాసిటెన్స్ గేజ్ ఏ వాయువైనా సరైన పీడనమే చూపిస్తుంది. రెండు అంకెలూ దగ్గరికొచ్చి కలిశాయంటే ఆవిరి రావడం ఆగిపోయిందన్నమాట. మూడో పద్ధతి: కండెన్సర్‌కూ గదికీ మధ్య వాల్వ్ ఉంటే దాన్ని కొన్ని సెకన్లు మూసి చూడటం. పీడనం గబగబా పెరిగితే మంచు ఇంకా ఉంది. ఇది చేసేముందు ఖాళీ యంత్రంతో ఒకసారి చేసి లీకేజీ ఎంతో తెలుసుకోండి, లేకపోతే లీకేజీని చూసి మంచు అనుకుంటారు.

ఈ సదుపాయాలేవీ లేని చిన్న యంత్రానికి తూకమే దిక్కు. ట్రే తీసి తూచి, మళ్లీ రెండు గంటలు ఆరబెట్టి తూచండి. అంకె మారకపోతే అయిపోయినట్టే. అన్నిటికన్నా లావు ముక్కను విరిచి నడుమ పెదవికి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా మంచుంది.

ఆరో అడుగు: ద్వితీయ ఆరబెట్టడం

మంచంతా పోయినా ఘనపదార్థం బరువులో 5 నుంచి 20 శాతం దాకా నీరు ఇంకా అంటిపెట్టుకునే ఉంటుంది. అది ఎప్పుడూ గడ్డకట్టని నీరు, కాబట్టి ఇక్కడ ఉత్పతనం లేదు. దాన్ని విడదీయాలంటే షెల్ఫ్‌ను 25 నుంచి 40 డిగ్రీలకు తీసుకెళ్లి కొన్ని గంటలు ఉంచాలి. చక్కెరలున్న సరుకుకు ఈ వేడి నెమ్మదిగా, నిమిషానికి డిగ్రీలో పదో వంతు చొప్పున పెంచాలి. నీరు తగ్గేకొద్దీ గాజు గట్టిపడి దాని హద్దు పైకి జరుగుతుంది. మన వేడి ఆ హద్దును దాటకుండా వెనకే నడవాలి. 1 నుంచి 3 శాతం తేమ మిగిలేదాకా ఆరబెట్టడం మామూలు. ల్యాబుల్లో దీన్ని కార్ల్ ఫిషర్ పద్ధతి అనే రసాయన పరీక్షతో కొలుస్తారు.

ఏడో అడుగు: బయటికి తీయడం, దాచడం

పొడిబారిన సరుకు ఇప్పుడు స్పాంజి లాంటిది. లోపల మంచు ఖాళీ చేసిన రంధ్రాలన్నీ తెరుచుకుని ఉంటాయి, బయటి గాలిలోని తేమను నిమిషాల్లో లాగేస్తుంది. వాక్యూమ్ విడిచేటప్పుడు పొడి నైట్రోజన్ గానీ పొడిగాలి గానీ లోపలికి వదలండి. అది లేకపోతే బయటి గాలినే నెమ్మదిగా వదిలి, సరుకు వెచ్చగా ఉండగానే సంచుల్లో పెట్టి సీల్ చేయండి. చల్లటి సరుకు మీద తేమ వెంటనే పట్టేస్తుంది. ఆ రంధ్రాల ఉపరితలం చాలా ఎక్కువ కాబట్టి ఆక్సిజన్‌తోనూ చిక్కే. రంగు, వాసన, కొవ్వు త్వరగా చెడతాయి. అల్యూమినియం పొర ఉన్న సంచి, అందులో ఆక్సిజన్ పీల్చే పొట్లం వాడండి. మామూలు ప్లాస్టిక్ సంచి గుండా తేమ నెమ్మదిగా లోపలికి వస్తూనే ఉంటుంది.

ఫ్రీజ్ డ్రయింగ్ సూక్ష్మజీవులను చంపుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. బ్యాక్టీరియాను ఏళ్ల తరబడి సజీవంగా దాచడానికి ల్యాబులు వాడేది ఈ పద్ధతినే. 1950లలో లెస్లీ కాలియర్ మశూచి టీకాను ఫ్రీజ్ డ్రై చేసే పద్ధతిని మెరుగుపరిచాకే, అందులోని సజీవ వైరస్ వేడి ప్రాంతాలకు చెడకుండా చేరగలిగింది. మశూచి అంతమైందని 1980లో ప్రకటించడం వెనుక ఆ ఎండు టీకాది పెద్ద పాత్ర. ఇదే గుణం ఆహారానికి ముప్పు. పచ్చి మాంసం, పచ్చి గుడ్డు ఆరబెడితే వాటిలోని క్రిములు నిద్రపోతాయంతే, నీళ్లు తగలగానే లేస్తాయి. ఆ సంచుల మీద ‘పచ్చిది, ఉడికించాలి’ అని పెద్దగా రాయండి. తయారుచేసేటప్పుడు వాడిన ట్రేలను వేడినీళ్లతో కడిగి శానిటైజ్ చేశాకే తర్వాతి బ్యాచ్ పెట్టండి. తిరిగి తడిపేటప్పుడు మొదట్లో రాసుకున్న తూకాలు తీసి, ఎంత నీరు పోయిందో అంతే నీరు కలపండి. నీళ్లు పోశాక మిగిలిన దాన్ని తాజా ఆహారంలాగే ఫ్రిజ్‌లో పెట్టాలి.